ఆఫీసులో స్టాఫ్ నెట్ వాడకంపై నిఘా: తిరుపతి, చిత్తూరు యజమానులు, ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరులలో చిన్న, మధ్యతరహా ఆఫీసులకు నెట్‌వర్క్ వేసి, దాన్ని చూసుకోవడం నా పని. ట్రావెల్స్, లాడ్జీలు, క్లినిక్కులు, ఆడిటర్ల ఆఫీసులు, మామిడి పల్ప్ ఫ్యాక్టరీల అకౌంట్స్ సెక్షన్లు, ప్రైవేటు కాలేజీలు, ఇలా రకరకాలు. రౌటర్ బిగించి పాస్‌వర్డ్ చేతికిచ్చేలోపే చాలామంది ఓనర్లు పక్కకు పిలిచి ఒక మాట అడుగుతారు: "మావాళ్ళు నెట్‌లో ఏం చూస్తున్నారో నాకు తెలిసేలా పెట్టగలవా?" బండి తీసేటప్పుడు స్టాఫ్‌లో ఎవరో ఒకరు వచ్చి, "అన్నా, మేం చూసేవన్నీ సార్‌కి కనిపిస్తాయా?" అంటారు. రెండు వైపుల నుంచీ వచ్చే ప్రశ్నలు, వాటికి నేనిచ్చే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేల్చి చెప్పండి. స్టాఫ్ నెట్ వాడకాన్ని యజమాని గమనించాలా, వద్దా?

నెట్‌వర్క్‌ను గమనించాలి, మనిషి వెంట పడకూడదు. ఆఫీసు లైను మీదుగా వైరస్ వస్తోందా, కస్టమర్ల వివరాలు బయటికి పోతున్నాయా, ఏ సిస్టమ్ నుంచైనా పైరసీ సినిమాలు దిగుతున్నాయా, ఇవన్నీ చూసుకోవడం యజమాని బాధ్యత. పట్టించుకోకపోతేనే తప్పు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి ఎవరితో ఏం చాట్ చేసింది, అకౌంటెంట్ ఏ జబ్బు గురించి వెతికాడు అన్నవి మాత్రం యజమానికి అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏం చూస్తున్నారో స్టాఫ్‌కు ముందే, రాతలో చెప్పాలి. చెప్పకుండా చూసే ఏర్పాటు నేను చేయను. అడిగిన ఓనర్లకూ ఈ మాటే చెబుతాను.

నెట్ బిల్లు నాది, సిస్టమ్ నాది, జీతం ఇచ్చేది నేను. చూసే హక్కు నాకు లేదా?

ఉంది. ఆఫీసు సిస్టమ్‌లో ఆఫీసు పని జరుగుతోందో లేదో చూసుకోవచ్చు, కొన్ని సైట్లు ఆపేయవచ్చు, పెన్‌డ్రైవ్ పనిచేయకుండా చేయవచ్చు. అయితే లాడ్జి మీదే, గది తాళమూ మీ దగ్గరే ఉంటుంది, అంతమాత్రాన మనుషులు లోపలుండగా తలుపు తీసి చూడరు కదా. సిస్టమ్ మీదైనా అందులో టైప్ అయ్యే ప్రతి అక్షరమూ మీది కాదు.

ఉద్యోగి పొద్దున తొమ్మిదికి వచ్చి రాత్రి ఏడింటికి ఇంటికెళ్తాడు. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, పిల్లవాడి స్కూలు ఫీజు, అమ్మకు డాక్టరు అపాయింట్‌మెంటు, అన్నీ ఆ వేళల్లోనే చేసుకోవాలి. దానికి కూడా చోటివ్వకపోతే ఆ టెన్షన్‌తో కూర్చుని చేసే పని కూడా సరిగా ఉండదు.

రౌటర్‌లో అసలు ఏం కనిపిస్తుంది?

దీని మీద రెండు వైపులా అపోహలే. ఓనర్లు అన్నీ కనిపిస్తాయనుకుంటారు, స్టాఫ్ ఏమీ కనిపించదనుకుంటారు.

ఆఫీసు నెట్‌కూ బయటి నెట్‌కూ మధ్య కాపలా ఉండే మామూలు ఫైర్‌వాల్‌లో లాగ్ (రికార్డు) పేజీ తెరిస్తే వరుసగా లైన్లుంటాయి. ఒక్కో లైనులో టైము, సిస్టమ్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు), వెళ్ళిన సైటు పేరు, ఎంత డేటా వాడారు అనేవి ఉంటాయి. ఉదాహరణకు: 10:02, 192.168.1.14, యూట్యూబ్, 38 ఎంబీ. ఆ 38 ఎంబీ జీఎస్టీ రిటర్న్ ఎలా వేయాలో చెప్పే వీడియోదా, సినిమా పాటదా అన్నది ఆ లైనులో ఉండదు. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే సమాచారానికి తాళం వేసి పంపే పద్ధతిలో నడుస్తున్నాయి. పేజీలో ఏముంది, మీరేం టైప్ చేశారు, పాస్‌వర్డ్ ఏమిటి అన్నవి దారి మధ్యలో ఉన్న రౌటర్‌కు తెలియవు. సైటు పేరు మాత్రం సాధారణంగా బయటపడుతుంది. ఆ పేరుకు ఐపీ అడ్రసు ఏమిటని సిస్టమ్ డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగేటప్పుడు ఒకసారి, కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఇంకోసారి.

ఓనర్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఒక వార్తల సైటు తెరిస్తే దానితోపాటు ప్రకటనల కంపెనీలవీ, వ్యూస్ లెక్కేసేవాళ్ళవీ బోలెడు సైట్ల పేర్లు లాగ్‌లో పడతాయి. ఉద్యోగి వాటి జోలికే పోయి ఉండడు. పొద్దున తెరిచి వదిలేసిన ట్యాబ్ కూడా సాయంత్రం దాకా దానంతటదే రిఫ్రెష్ అవుతూ లైన్లు పుట్టిస్తూనే ఉంటుంది. ఆ లాగ్ ప్రింటు తీసి "నువ్వు రోజంతా షాపింగ్ సైట్లో ఉన్నావు" అని నిలదీస్తే, పాపం ఆ మనిషి చెప్పుకోలేడు, మీరు నమ్మరు. లాగ్ చూసి మనిషి మీద తీర్పు చెప్పొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కొన్ని ఆఫీసుల్లో ఇంతకంటే లోతైన ఏర్పాటు ఉంటుంది. ప్రతి సిస్టమ్‌లో కంపెనీ సొంత సర్టిఫికెట్ (సైటు నమ్మదగినదేనని బ్రౌజర్‌కు చెప్పే డిజిటల్ ధ్రువపత్రం) వేసి, ఫైర్‌వాల్ దగ్గర ట్రాఫిక్‌ను విప్పి, తనిఖీ చేసి, మళ్ళీ మూసి పంపుతారు. అప్పుడు పేజీ లోపలిది కూడా కనిపిస్తుంది. వైరస్‌లు పట్టుకోవడానికి పెద్ద కంపెనీలు దీన్ని వాడతాయి. మీ ఆఫీసులో పెడితే బ్యాంకు సైట్లను, ఆసుపత్రుల సైట్లను ఈ తనిఖీ నుంచి తప్పించండి. మంచి ఫైర్‌వాల్స్‌లో ఆ సెట్టింగ్ ఉంటుంది.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే తెలియదు కదా?

తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటో మీ సిస్టమ్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతవరకే. ఆఫీసు నెట్‌వర్క్‌లో సైటు పేరు మామూలుగానే కనిపిస్తుంది.

ఆఫీసు వైఫై మీద నా వాట్సాప్ చదవగలరా?

ఫోన్‌లో వాడుకుంటే చదవలేరు. మెసేజ్ మీ ఫోన్‌లో తాళం పడి, అవతలివాళ్ళ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మీరు వాట్సాప్ వాడుతున్నారన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఆఫీసు సిస్టమ్‌లో వాట్సాప్ వెబ్ తెరిస్తే కథ వేరు. స్క్రీన్ మీద కనబడేదాన్ని స్క్రీన్‌షాట్ సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది, పక్కన నిలబడ్డవాళ్ళూ చదువుతారు. సాయంత్రం లాగౌట్ చేయకుండా వెళ్ళిపోతే మరుసటి షిఫ్టువాళ్ళకు మీ చాట్‌లన్నీ తెరిచే ఉంటాయి. ఫోన్‌లో లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్ళి, తెలియని సిస్టమ్ ఉంటే వెంటనే తీసేయండి.

స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్, కీలాగర్ పెట్టమంటే పెడతారా?

కీలాగర్ అంటే కీబోర్డు మీద టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. అది పెట్టను. ఎంత డబ్బిస్తామన్నా పెట్టను. కారణం చెబుతాను.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ ఒకరు ఆఫీసు సిస్టమ్‌లో తన బ్యాంకు ఖాతా తెరిచారనుకోండి. కీలాగర్ ఫైలులో ముందు బ్యాంకు పేరు, దాని కింద యూజర్ ఐడీ, ఆ కింద పాస్‌వర్డ్, ఆ కింద ఓటీపీ అంకెలు, అన్నీ మామూలు అక్షరాల్లో వరుసగా పడి ఉంటాయి. ఆ ఫైలు మీ చేతికి వచ్చిందంటే ఆ ఉద్యోగి బ్యాంకు తాళం మీ చేతికొచ్చినట్టే. రేపు ఆ ఖాతాలో డబ్బు పోతే పోలీసులు మొదట అడిగేది మిమ్మల్నే. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి కింద 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీకు అలాంటి ఉద్దేశమే లేకపోవచ్చు. ఆ ఫైలు ఉన్న సిస్టమ్‌ను ముట్టుకునే అందరి సంగతీ అలాగే చెప్పగలరా? ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటిని నెట్‌లో క్రాక్ వెర్షన్ దించుకుని వేస్తారు. స్టాఫ్ మీద నిఘా పెట్టబోయి ఊరూ పేరూ తెలియని హ్యాకర్‌కు ఆఫీసంతా అప్పగించడమే అవుతుంది.

స్క్రీన్‌షాట్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఓనర్లు గమనించనిది ఒకటుంది. ఐదు నిమిషాలకోసారి బొమ్మ తీసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చాట్‌నే కాదు, ఆ సమయంలో స్క్రీన్ మీద ఉన్న కస్టమర్ ఆధార్‌నూ, పేషెంటు స్కానింగ్ రిపోర్టునూ, పార్టీ బ్యాంకు స్టేట్‌మెంటునూ తీస్తుంది. ఆ బొమ్మలన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో పోగవుతాయి. మీ ఆఫీసులోని రహస్యాలన్నీ ఒక్కచోట పేర్చి పెట్టుకున్నట్టు. క్లినిక్కుల్లో దీన్ని అసలు పెట్టొద్దని చెబుతాను.

దర్శనం టికెట్లు వదిలే రోజు ఆఫీసులో లాగిన్ అయితే తప్పా?

తిరుపతిలో ఇంతమంది అడిగిన ప్రశ్న ఇంకొకటి లేదు. టీటీడీ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పొద్దున ఊళ్ళో ఏ ఆఫీసు లాగ్ చూసినా ఒకటే సైటు. హైదరాబాదులో మేనమామ, బెంగళూరులో వదిన, వాళ్ళ అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటువాళ్ళు, అందరూ ఫోన్ చేసేది తిరుపతిలో ఉన్నవాడికే. "నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఆ మాత్రం చూడలేవా" అంటారు. తిరుపతిలో ఉన్నంత మాత్రాన సైటు మనకు ముందు తెరుచుకోదని ఎంత చెప్పినా వినరు.

నా దృష్టిలో తప్పు లేదు. ఓనర్లు ఆ అరగంట వదిలేయడమే మంచిది. వద్దంటే బాత్రూములో ఫోన్ పట్టుకుని అదే పని చేస్తారు, ఇంకా ఎక్కువసేపు పడుతుంది. కౌంటరులో కస్టమరు నిలబడి ఉన్నప్పుడు వద్దు, క్యూలో మన నంబరు వచ్చేదాకా పని ఆపొద్దు అని రెండు మాటలు చెబితే చాలు.

ఆఫీసు లైను మీద పరాయివాళ్ళ వివరాలతో టికెట్లు తీసి ఎక్కువ ధరకు అమ్మితే అది వేరే సంగతి. పోలీసుల దగ్గరికి ఐపీ అడ్రసు వెళ్ళినప్పుడు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గరికే ముందు వస్తారు. ఏ సిస్టమ్ నుంచి, ఏ టైములో జరిగిందో చూపించే లాగ్ మీ దగ్గరుంటే మీరూ, ఆ పని చేయని మిగతా స్టాఫూ బయటపడతారు. లాగ్ ఉండాలని నేను చెప్పేది ఇలాంటివాటి కోసమే.

మరి గట్టిగా నిఘా పెట్టాల్సిన చోట్లు లేవా?

ఉన్నాయి. మొదటిది లాడ్జి. రోజూ దిగే యాత్రికుల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు రిసెప్షన్ సిస్టమ్‌లో ఒక ఫోల్డరులో పడి ఉంటాయి. చాలాచోట్ల ఆ కాపీలు రిసెప్షనిస్టు సొంత వాట్సాప్‌కే వస్తాయి. దేశం నలుమూలల నుంచి స్వామివారి దర్శనానికి వచ్చినవాళ్ళు నమ్మి ఇచ్చిన కాగితాలవి. ఆ ఫోల్డర్ ఎవరు తెరిచారు, ఎవరు కాపీ చేశారు, జీమెయిల్‌కు ఎక్కించారా, పెన్‌డ్రైవ్‌లో వేశారా, ఇవన్నీ రికార్డు కావాలి. పేరు పెట్టి మరీ రికార్డు కావాలి. ఇక్కడ మెతకగా ఉంటే మోసపోయేది ఆ యాత్రికులే.

రెండోది ఎగుమతుల వ్యాపారం. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీలు రాత్రింబగళ్ళు నడుస్తాయి, విదేశీ పార్టీలతో లావాదేవీలన్నీ మెయిల్ మీదే. ఈ తరహా వ్యాపారాల్లో అందరికీ తెలిసిన మోసం ఒకటుంది. ఎవరో మెయిల్ ఖాతాలోకి చొరబడి, వచ్చిన ప్రతి మెయిల్ తమకూ కాపీ వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టి, ఊరికే గమనిస్తూ ఉంటారు. సరిగ్గా డబ్బు పంపే సమయానికి "మా బ్యాంకు ఖాతా మారింది" అని కొనేవాడికి మీ పేరుతో మెయిల్ వెళ్తుంది. మెయిల్ ఖాతాలో ఫార్వర్డింగ్ రూల్ కొత్తగా పుట్టిందా, వేరే దేశం నుంచి లాగిన్ అయిందా అని చూసే అలర్టులు తప్పకుండా పెట్టుకోండి. అకౌంటెంట్ తన భార్యకు రాసిన మెయిల్ చదవాల్సిన పని ఇందులో ఎక్కడా రాదు.

చట్టం ఏం చెబుతోంది?

ఆఫీసు నిఘా గురించే ప్రత్యేకంగా రాసిన చట్టం మన దేశంలో లేదు. వేర్వేరు చట్టాల్లో ఉన్న ముక్కలు కలిపి చూసుకోవాలి. నేను లాయర్‌ను కాను, పని కోసం చదువుకున్నంతవరకు చెబుతాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మేలో అమలుకొస్తాయి. ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి ఉద్యోగి సమాచారాన్ని విడిగా సమ్మతి అడగకుండా వాడుకోవచ్చని ఆ చట్టం 7వ సెక్షన్ అంటుంది. ఉదాహరణలుగా వ్యాపార గూఢచర్యం, వ్యాపార రహస్యాలు లాంటివి పేర్కొంది. కొందరు ఓనర్లు ఆ ఒక్క వాక్యం చూపించి "ఇక ఏదైనా చూడొచ్చు" అంటున్నారు. నేనలా అర్థం చేసుకోను. ఉద్యోగి తన చెల్లెలితో ఏం మాట్లాడుకున్నాడో చదవడం వ్యాపార రహస్యాన్ని ఎలా కాపాడుతుంది? పోగుచేసిన డేటాకు సరైన భద్రత లేక బయటికి పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని కూడా అదే చట్టంలో ఉంది.

అప్పటిదాకా ఐటీ చట్టం 43ఏ, 2011 నిబంధనలు ఉన్నాయి. పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం, వేలిముద్రలు ఆ నిబంధనల ప్రకారం సున్నితమైన సమాచారం. వాటిని సేకరించాలంటే రాతపూర్వక సమ్మతి కావాలి.

ఓనర్లు, మేనేజర్లు చాలామందికి తెలియని సెక్షన్ ఒకటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఒక మగవాడు ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని కనిపెడుతూ ఉండటాన్ని అది వెంటాడే నేరాల్లో చేర్చింది. మొదటిసారి రుజువైతే 3 ఏళ్ళ దాకా, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ దాకా జైలు. సందర్భాన్ని బట్టి సమంజసమైన కారణం ఉంటే మినహాయింపు ఉంది. ఆఫీసు మొత్తానికి ఒకే పద్ధతి, ముందే రాసి చెప్పిన పద్ధతి ఉంటే కారణం చూపించుకోవచ్చు. ఒక్క అమ్మాయి సిస్టమ్ మీదే కన్నేసి కూర్చున్న మేనేజర్ ఏ కారణం చూపిస్తాడు?

వేరే దేశాల్లో ఎలా ఉంది?

రొమేనియాలో ఒక కంపెనీ, ఆఫీసు పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో సొంత కబుర్లు పెట్టాడని ఒక ఉద్యోగిని 2007లో తీసేసింది. అతను సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్నవన్నీ ప్రింటు తీసి ముందు పెట్టింది. కేసు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2017 సెప్టెంబరు 5న ఆ కోర్టు పెద్ద ధర్మాసనం (గ్రాండ్ ఛాంబర్) 11-6 మెజారిటీతో ఉద్యోగి వైపు తీర్పిచ్చింది. నిఘా ఉంటుందని, ఎంత లోతుగా ఉంటుందని ముందే చెప్పారా, అంతకంటే తక్కువతో పని జరగదా అన్నవి చూడాలంది. మన కోర్టులకు ఆ తీర్పు కట్టుబాటు కాదు. ఓనరుగా మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు మాత్రం అవే.

జర్మనీలో హెచ్ అండ్ ఎం బట్టల కంపెనీ నురెంబర్గ్ సెంటరులో ఉద్యోగుల జబ్బులు, ఇంటి గొడవలు రాసిపెట్టుకున్నందుకు 2020లో 3.53 కోట్ల యూరోల జరిమానా పడింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2022 మే 7 నుంచి, నెట్, మెయిల్, ఫోన్ మీద నిఘా పెట్టే యజమాని ఉద్యోగంలో చేరేటప్పుడే రాతలో తెలియజేయాలని చట్టం చేసింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక కాగితం, ఒక సంతకంతో అయ్యే పని.

ఇవన్నీ సరే. మావాళ్ళు రోజంతా రీల్స్ చూస్తున్నారు, పని కావడం లేదు. నేనేం చేయాలి?

పని కావడం లేదని మీకెలా తెలిసింది? బిల్లులు ఆలస్యమయ్యాయి, ఫోన్లు ఎత్తడం లేదు, కస్టమర్లు కసురుకుంటున్నారు. అంటే పనిని చూస్తేనే తెలిసింది. ఇక మాట్లాడాల్సింది కూడా పని గురించే. రీల్స్ ఎలాగూ సొంత ఫోన్‌లో సొంత డేటా మీద చూస్తారు. మీ రౌటర్ నిఘా ఎంత గట్టిగా ఉన్నా అక్కడికి చేరదు. ఇది చెప్పాక చాలామంది ఓనర్లు కాసేపు మాట్లాడరు.

కూర్చోబెట్టి అడగండి. ఎందుకు ఆలస్యమైందో చెప్పమనండి. కొన్నిసార్లు అసలు పనే తక్కువ ఉంటుంది, ఇద్దరు చేసేదానికి ముగ్గురున్నారు. కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ నెమ్మది, ఒక్కో బిల్లుకు గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ కూర్చోవాలి, ఆ సందులో ఫోన్ చేతిలోకి వస్తుంది. నెట్ స్పీడు పడిపోతోందంటే దానికి నిఘా అక్కర్లేదు, వీడియో సైట్లకు ఇంతకంటే ఎక్కువ వెళ్ళకూడదని రౌటర్‌లో పరిమితి పెడితే చాలు. ఎవరు చూశారో తెలుసుకోకుండానే సమస్య తీరుతుంది. జూదం సైట్లు, బూతు సైట్లు, పైరసీ సైట్లు అందరికీ ఒకేసారి బ్లాక్ చేయండి, ఓనరు సిస్టమ్‌తో సహా.

బెంగళూరు కంపెనీకి తిరుపతి ఇంటి నుంచి పని చేస్తున్నాను. కెమెరా రోజంతా ఆన్‌లో పెట్టమంటున్నారు. ఒప్పుకోవాలా?

మీటింగ్ వరకు పెట్టమనడం న్యాయం. రోజంతా అంటే మీ ఇల్లు, వెనక తిరిగే మీ అమ్మ, ఏడ్చే పిల్లాడు, అందరూ కంపెనీ నిఘాలోకి వస్తారు. వాళ్ళెవరూ ఆ ఉద్యోగంలో చేరలేదు. 2022లో నెదర్లాండ్స్‌లో ఒక కోర్టు, రోజుకు 9 గంటలు కెమెరా ఆన్ చేయనన్నందుకు ఒక అమెరికా కంపెనీ ఉద్యోగిని తీసేయడం చెల్లదంది. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఈ షరతు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మెయిల్‌లో, మర్యాదగా, కారణం చెప్పి ప్రత్యామ్నాయం అడగండి: రోజు చివర చేసిన పని రిపోర్టు పంపుతానని, మీటింగుల్లో కెమెరా పెడతానని.

మౌస్ దానంతటదే కదిలే పరికరాలు మాత్రం కొనొద్దు. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు కీబోర్డు పనిచేస్తున్నట్టు నటించిన డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. అయితే ఉద్యోగి విలువను మౌస్ కదలికతో కొలిచే కంపెనీ కూడా తనను తాను ప్రశ్నించుకోవాలి.

నా సొంత ఫోన్‌లో కంపెనీ యాప్ వేయమంటున్నారు. నా ఫొటోలు చూస్తారా?

ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఒక పద్ధతి ఉంది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. మీ సొంత ఫోన్‌లో అలా వేస్తే కంపెనీ చేయి ఆ గుర్తున్న యాప్‌ల వరకే, మీ ఫొటోలు, చాట్‌లు దానికి అందవు. ఉద్యోగం మానేస్తే ఆ భాగం వరకే చెరిపేస్తారు. అలా కాకుండా మొత్తం ఫోన్‌కే అడ్మిన్ అనుమతి అడుగుతుంటే ఒప్పుకోకండి, ఆఫీసు ఫోన్ ఇవ్వమనండి.

స్టాఫ్‌కు రాసిచ్చే కాగితంలో ఏముండాలి?

ఒక పేజీ చాలు, తెలుగులో ఉండాలి. ఇంగ్లీషులో పది పేజీలు రాసి సంతకం పెట్టించుకుంటే చదివేవాళ్ళు ఉండరు. నేను ఓనర్లకు ఇచ్చే నమూనా ఇది, మీ ఆఫీసుకు తగ్గట్టు మార్చుకోండి:

"మన ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏ సిస్టమ్ నుంచి ఏ సైటుకు, ఎప్పుడు వెళ్ళారో రికార్డవుతుంది. పేజీలో ఏం చూశారో, ఏం టైప్ చేశారో రికార్డు కాదు. కస్టమర్ల ఫోల్డర్‌ను ఎవరు తెరిచినా, కాపీ చేసినా పేరుతో సహా రికార్డవుతుంది. ఆఫీసు మెయిల్ ఖాతా ఆఫీసుది, అవసరమైతే యజమాని తెరిచి చూడవచ్చు, చూస్తే మీకు చెబుతాం. మీ సొంత మెయిల్, వాట్సాప్, సొంత ఫోన్ మేం చూడము. భోజన విరామంలో, ఖాళీ సమయంలో సొంత పనులకు కొంచెం నెట్ వాడుకోవచ్చు. ఈ రికార్డును యజమాని, నెట్‌వర్క్ చూసే వ్యక్తి తప్ప ఎవరూ చూడరు. రికార్డు 180 రోజుల తర్వాత చెరిపేస్తాం. మీ మీద ఏదైనా ఆరోపణ వస్తే ఆ రికార్డు మీకు చూపించి, మీ మాట విన్న తర్వాతే నిర్ణయం తీసుకుంటాం."

చివరి వాక్యం తీసేయమని కొందరు ఓనర్లు అడుగుతారు. నేను బతిమాలైనా ఉంచమంటాను. నిఘా ఉందన్న సంగతి కంటే, తన మాట వినకుండానే తేల్చేస్తారన్న భయమే స్టాఫ్‌ను ఎక్కువ బాధపెడుతుంది.

180 రోజులే ఎందుకు?

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. అంతకంటే ఎక్కువ కాలం పోగేయడానికి నాకు కారణం కనపడదు. పాత లాగ్‌లు ఉంటే ఎవరో ఒకరికి కోపం వచ్చినప్పుడు తవ్వి తీసేందుకే పనికొస్తాయి.

నా మీద దొంగచాటుగా నిఘా పెట్టారని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?

క్రోమ్ మెనూ అడుగున మీ బ్రౌజర్‌ను సంస్థ నిర్వహిస్తోందని రాసి ఉంటే సెట్టింగులు ఆఫీసు చేతిలో ఉన్నట్టు. ఏదైనా సైటు తెరిచి అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో చూడండి. అన్ని సైట్లకూ ఒకే ఫైర్‌వాల్ కంపెనీ పేరో, మీ ఆఫీసు పేరో వస్తుంటే ట్రాఫిక్ విప్పి చూస్తున్నారని అర్థం. ఈ రెండూ తప్పేమీ కాకపోవచ్చు, ముందు అడగండి. ఆఫీసు సిస్టమ్‌లో మీరే ఏదో సాఫ్ట్‌వేర్ తీసేయబోతే మీ మీదకే వస్తుంది. అనుమానం తీరేదాకా బ్యాంకు పనులు, సొంత మెయిల్ మీ ఫోన్‌లో, మీ డేటా మీద చేసుకోండి.

అమ్మాయిలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మీ సొంత ఫొటోలు, చాట్‌లు చూశానని ఎవరైనా మేనేజర్ నోటితో అన్నా, వాటితో భయపెట్టినా అది ఆఫీసు క్రమశిక్షణ వ్యవహారం కాదు, వేధింపు. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న ఆఫీసైతే, లేదా ఫిర్యాదు ఓనరు మీదే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. పోలీసు స్టేషన్ ఎలాగూ ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ మేనేజర్ ఏ రోజు ఏమన్నాడో, ఎవరు విన్నారో తేదీలతో రాసిపెట్టుకోండి.

ఉద్యోగం మానేస్తున్నాను. ఆఫీసు సిస్టమ్‌లో నా వివరాలు మిగిలిపోతే?

చివరి రోజుకు రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, మీ సొంత జీమెయిల్ లాగిన్, వాట్సాప్ వెబ్ తీసేయండి. ఆ తర్వాత మీ ఫోన్ నుంచి గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్ళి ఆఫీసు సిస్టమ్‌ను సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డు మార్చండి. ఆఫీసు ఫైళ్ళు మాత్రం ఒక్కటీ కాపీ చేసుకోకండి, మీరు తయారుచేసినవైనా సరే. వేలిముద్రల హాజరు మెషిన్‌లోంచి మీ వేలిముద్ర తీసేయమని మెయిల్ పెట్టండి, తీసేశామని జవాబు కూడా మెయిల్‌లోనే అడగండి.